ఈ చలికాలం కాదు

"ఇంకా ఎన్నాళ్ళు?" అని నేనే అడిగాను.
డాక్టర్ టెర్‌హోర్స్ట్ కళ్ళజోడు తీసి
తుడిచింది, పెట్టుకోలేదు.
"మొదటిసారికైతే ఆర్నెల్లో ఏడాదో అంటాం.
మీకిది మూడోసారి, హిల్కె.
మూడోసారికి నా దగ్గర అంకె లేదు.
మాట్లాడుకోవడం ఉంది."

సైకిలెక్కి ఇంటికొస్తుంటే ఎదురుగాలి.
ఫ్రీస్‌లాండ్‌లో ఎటు తొక్కినా ఎదురుగాలే.

నా ఉద్యోగం పంపుహౌసులో.
మా నేల సముద్రం కంటే కిందనుంటుంది,
ఆవులూ, చర్చీ, బడీ, అమ్మ సమాధీ, అన్నీ.
రాత్రీ పగలూ నీళ్ళు తోడి గట్టు అవతల పోస్తేనే
ఇది ఊరు. లేకపోతే మడుగు.
ఇరవై ఆరేళ్ళుగా గేజి పలక మీద అంకె చదివి
పుస్తకంలో రాస్తున్నాను.
ఇంకా ఎన్నాళ్ళు తోడతావని
ఆ పంపుని ఎవరూ అడగ్గా వినలేదు.

ఈ మాట రిన్స్కెతో అంటే
బంగాళాదుంపల తొక్క తీస్తూ అంది:
"పోలికలు పెట్టకు. పంపుకి పెళ్ళాం లేదు."

నిజమే.
అమ్మని మట్టిలోకి దించుతుంటే
కళ్ళు పొడిగా ఉండిపోవడం పంపుకేం తెలుసు.
అక్క నా వంక చూసింది
కొయ్యని చూసినట్టు.
ఏడుపు ఉంది లోపల.
పక్కగదిలో ఎవరో దగ్గుతున్నట్టు వినిపించింది.
తలుపు తీసుకుని రాలేదు.
రాత్రి రిన్స్కె చెయ్యి నా వీపు మీద పడితే
అది చెయ్యి అని తెలుస్తుంది.
అంతే తెలుస్తుంది.

ఒకసారి నాకు నేనే మానేశాను.
నాలుగేళ్ళ కిందట, మే నెలలో.
ఎండ బాగుంది. కారణం అంతే.
మూడోరోజు తల తిప్పితే
పుర్రెలో కరెంటు తీగ తగిలినట్టు జిల్లుమంది.
గట్టు మీంచి కొంగ ఎగిరితే
నా చూపు దాని వెనకే ఆలస్యంగా వెళ్ళింది.
అదీ పోయింది కొన్ని వారాలకి.
రేడియోలో వాతావరణ వార్తలు విని ఏడ్చాను, హాయిగా.
ఫుట్‌బాల్ చూస్తూ కుర్చీ తన్నాను.
"వచ్చావా" అంది రిన్స్కె.

అక్టోబర్లో
కారు గట్టు పక్కన ఆపి
స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను.
నాలుగు గంటలు.
ఎందుకాపానో తెలియదు,
ఎందుకు తిరిగొచ్చానో కూడా.
ఆ రోజు పుస్తకంలో నీటిమట్టం గడి ఖాళీ.
ఇరవై ఆరేళ్ళలో ఆ ఒక్క గడి.

ఇప్పుడు బల్ల మీద పొట్లాల చుట్ట ఉంది.
రోజుకో పొట్లం, రోజూ రవ్వంత తక్కువ మందు,
ఎక్కడ తగ్గిందో ఒంటికి తెలియనంత మెల్లగా.
ఎప్పుడు విప్పాలన్నది మాకే వదిలేసింది డాక్టరు.

"నీకేది భయం?" అడిగాను.
రిన్స్కె చుట్టని కొంత విప్పింది,
మళ్ళీ చుట్టింది.
"నువ్వు ఏడవకపోయినా నేను బతగ్గలను.
ఆ కారు లైట్లు కనిపించేదాకా
కిటికీ దగ్గర ఇంకోసారి నిలబడలేను.
కానీ అది నా భయం.
బిళ్ళ మింగేది నువ్వు."

పంపు మోత వస్తూనే ఉంది.
చిన్నప్పట్నుంచీ వింటున్నది,
అది మోత అని గుర్తుండదు.

క్యాలెండరు తిప్పాను. నవంబరు, డిసెంబరు.
"ఈ చలికాలం కాదు" అన్నాను.
ఏప్రిల్లో, గొర్రెలు ఈనే వారం పక్కన
'మాట్లాడాలి' అని రాశాను.
పెన్సిల్‌తో.

చుట్టని సొరుగులో పెట్టాను,
స్పేరు ఫ్యూజుల పక్కన.
"పోలికలు వద్దన్నానా" అంది.
"పోలిక కాదు. అక్కడే చోటుంది."

పొద్దున ఆరు. పొగమంచు.
పెసరబద్దంత బిళ్ళ,
చేదు నాలుకకి అంటేలోపు గుటకేశాను.
గేజి పలక మీది నాచు తుడిచి చదివాను.
నిన్నటికంటే రెండు సెంటీమీటర్లు ఎక్కువ.
రాసుకున్నాను.